బొబ్బర్ల సూపూ, నీ ఇష్టమూ

జూన్ నెలలో, విజయవాడలో, మిట్టమధ్యాహ్నం సూపు కాచుకున్న ఇల్లు మాదొక్కటే అయి ఉంటుంది. రోహిణి కార్తె దాటిపోయిందని క్యాలెండరు చెబుతోంది గాని ఎండకు ఆ కబురు ఇంకా అందలేదు. మా వంటింట్లో ఫ్యాను లేదు. ఉన్నా మంట ఆరిపోతుందని వేసుకోలేం. మెడ చుట్టూ తువ్వాలు వేసుకుని, చెమట కారుస్తూ, ఇటలీ వాళ్ళు చలికాలంలో వణుకుతూ తాగే బీన్స్, మాంసం ఉండల సూపును పటమటలో ఒక ఫ్లాటు మూడో అంతస్తులో గరిటెతో కలుపుతున్నాను. అప్పటికి నా జీవితంలో నేను కాచినవి టీ, వేడినీళ్ళు. మా అమ్మాయి చిన్నప్పుడు ఒకసారి పాలు కూడా కాచాను గాని అవి పొంగిపోయాయి కాబట్టి లెక్కలోకి రావు.

ఇదంతా మొదలైంది ఆ వారం గురువారం రాత్రి, భోజనాల దగ్గర.

మా ఆవిడ కంకిపాడు పక్కన ఒక ప్రభుత్వ హైస్కూల్లో లెక్కల టీచరు. నేను సహకార బ్యాంకులో పనిచేసి నిరుడు రిటైరయ్యాను. ఆవిడకు ఇంకా సర్వీసు ఉంది. ఆ రాత్రి నాకు గోంగూర పప్పు వడ్డిస్తూ, ప్రధానోపాధ్యాయుల ప్రమోషన్లలో తన వంతు వచ్చిందని చెప్పింది. ఖాళీ ఉన్నది మైలవరం దాటిన తర్వాత ఒక ఊళ్ళో. ఇప్పటి బడి మా ఇంటికి ఒక పక్కన ఉంటే అది పూర్తిగా రెండో పక్క. రెండు బస్సులు మారాలి. తెల్లారి బయల్దేరితే చీకటి పడే వేళకు ఇంటికొస్తుంది.

"సోమవారం కౌన్సెలింగండీ. తీసుకుంటానో వదులుకుంటానో ఆ రోజు చెప్పెయ్యాలి. ఏమంటారు?" అంది.

"నీ ఇష్టం," అన్నాను.

ఆవిడ నా కంచంలోకి చూసి, "ఇంకొంచెం పప్పు వెయ్యనా?" అంది. వేయించుకున్నాను. చాలా ఉదారంగా మాట్లాడాననే అనుకున్నాను. మా నాన్న అయితే మా అమ్మను ఇలాంటి విషయాల్లో మాట కూడా పూర్తి చెయ్యనిచ్చేవాడు కాదు. నేను చూడు, మొత్తం ఆవిడకే వదిలేశాను. ఆ తృప్తితో పెరుగన్నం కూడా ఇంకాస్త కలుపుకున్నాను.

మర్నాడు సాయంత్రం మా ఆవిడ బాల్కనీలో ఆరిన బట్టలు మడత పెడుతూ, ఫోను స్పీకర్లో పెట్టి గుణదలలో ఉండే వాళ్ళక్కతో మాట్లాడుతోంది. నేను టీ గ్లాసుతో హాల్లోకి వచ్చాను. తెర అడ్డంగా ఉంది. చాటుగా వినాలని కాదు గాని, వినపడుతుంటే చెవులు మూసుకునే అలవాటు కూడా లేదు.

"ఇంతకీ ఏమన్నారు మీ ఆయన?" అంది వదిన.

"నీ ఇష్టం అన్నారక్కా."

"అయ్యో. వద్దనేశారా."

"ఆఁ."

"తింటూ అన్నారా, పేపరు చూస్తూ అన్నారా?"

"తింటూనే."

"తింటూ అయితే కాస్త నయమే. పేపర్లోంచి తల తియ్యకుండా నీ ఇష్టం అన్నారంటే ఇంక దానికి అప్పీలు లేదు. నీ స్కూటీ అప్పుడు అలానే కదా అన్నారు."

"పోన్లే అక్కా. రిలింక్విష్ చేసి ప్రమోషను వదిలేస్తానని చెప్పేస్తాను. కంకిపాడు పిల్లలు నాకు అలవాటేగా."

ఇద్దరూ నవ్వుకుని వేరే సంగతుల్లోకి వెళ్ళిపోయారు. నా మీద కోపంగా మాట్లాడుకుంటే బాగుండేది. కోపం లేదు. ఈ ఏడు వానలు ఆలస్యమవుతాయట అన్నంత మామూలుగా మాట్లాడుకున్నారు. నేను మాత్రం చల్లారిపోతున్న టీ గ్లాసు పట్టుకుని, నా మాటకు ఆ ఇద్దరు అక్కాచెల్లెళ్ళ దగ్గర ఎప్పుడో అర్థం స్థిరపడిపోయిందన్న సంగతి మొదటిసారి వింటూ నిలబడ్డాను.

స్కూటీ సంగతి నిజమే. కంకిపాడు దాకా బస్సుల్లో నిలబడలేకపోతున్నాను, స్కూటీ నేర్చుకుంటానని ఆవిడ అంది. నీ ఇష్టం అన్నాను. నేర్చుకోలేదు. భయపడిందనుకున్నాను. వాళ్ళక్కతో కలిసి వేళాంగణి యాత్రకు వెళ్తానంది. నీ ఇష్టం. వెళ్ళలేదు. మనసు మార్చుకుందనుకున్నాను. ఎమ్మెస్సీ కడతానన్నప్పుడు కూడా అదే మాట. ఆడవాళ్ళు దేనిమీదా గట్టిగా నిలబడరని బ్యాంకులో స్నేహితుల దగ్గర వేదాంతం కూడా చెప్పాను. ఆ రోజు అది విని తల ఊపిన వాళ్ళంతా ఇళ్ళల్లో ఏం మాట్లాడుతుంటారో ఇప్పుడు నాకు అనుమానంగా ఉంది.

ఆ మాట నాకు ఎంత సుఖమిచ్చిందో ఆ సాయంత్రం కూర్చుని ఆలోచించాను. వద్దు అంటే ఎందుకో చెప్పాలి. సరే అంటే చేతనైన సాయం చెయ్యాలి. నీ ఇష్టం అంటే రెండూ అక్కర్లేదు. పైగా తర్వాత ఏదైనా తేడా వస్తే ఆ పాపం నాది కాదు.

పాపం అంటే గుర్తొచ్చింది. మేం క్యాథలిక్కులం. మాకు పాపసంకీర్తనం అని ఒకటుంది. చేసిన తప్పులు ఫాదర్ గారి దగ్గర చెప్పుకుని దేవుణ్ణి క్షమాపణ అడగాలి. నేను ఏటా తప్పకుండా చెప్పుకుంటాను. నా తప్పులు కూడా ఏటా అవే. కోపపడ్డాను, అబద్ధమాడాను, ఆదివారం చర్చిలో పూజ ఎగ్గొట్టాను. బడిలో ఎక్కాలు అప్పజెప్పినట్టు అప్పజెప్పి, ఆయన చెప్పిన జపాలు చెప్పుకుని తేలిగ్గా ఇంటికొచ్చేస్తాను. ఈ మాట ఆ వరుసలో ఎప్పుడూ లేదు. తప్పని తెలిస్తేగా చెప్పుకోవడానికి.

అప్పుడైనా బాల్కనీలోకి వెళ్ళి, నేనన్నది అది కాదు అని ఆవిడతో అంటే సరిపోయేది. అనలేకపోయాను. ఎందుకంటే, నేనన్నది అదే. ఆవిడ పొద్దుపోయి రావడం నాకు ఇష్టం లేదు. ఆ సంగతి నాకన్నా ముందు వాళ్ళిద్దరికీ తెలిసింది, అంతే తేడా.

కాబట్టి నోరు విప్పకుండా ఏదైనా చేద్దామనుకున్నాను. బెంగళూరులో ఉద్యోగం చేస్తున్న మా అమ్మాయి ఈస్టరుకు వచ్చినప్పుడు ఇటలీ వంటని ఒక సూపు కాచింది. మా ఆవిడ బడి నుంచి వచ్చి, చెప్పులు విప్పి, సోఫాలో కూలబడగానే గిన్నె చేతిలో పెట్టింది. మా ఆవిడ రెండు గిన్నెలు తాగి, "ఇంటికి రాగానే ఎవరైనా ఇలా చేతికందిస్తే ప్రాణం లేచొస్తుందే," అంది. ఆ ఎవరైనా అన్న మాటలో నేనుండే అవకాశం ఉందని అప్పుడు నాకు తట్టలేదు. ఇప్పుడు తట్టింది. మాట్లాడడం కంటే వండడం తేలికని అనిపించింది. వంట రాని వాళ్ళకే అలా అనిపిస్తుంది.

శనివారం మా ఆవిడ బడికి వెళ్ళగానే అమ్మాయికి ఫోన్ చేసి ఏమేం కావాలో అడిగాను. బీన్స్, కైమా, టమాటాలు, క్యారెట్టు, వెల్లుల్లి అని చెప్పింది. మీటింగులో ఉన్నాను, మళ్ళీ చేస్తానంది. రైతు బజారుకు వెళ్ళి లేత బీన్స్ ఏరి ఏరి కిలో కొన్నాను. ఇంటికొచ్చి, కొనలు గిల్లి, నారలు తీసి, సన్నగా తరిగాను. ఇంత చక్కగా తరిగానని మురిసిపోయి ఫొటో తీసి పంపాను. వెంటనే ఫోనొచ్చింది.

"నాన్నా, ఏంటివి?"

"బీన్స్."

"బీన్స్ అంటే గింజలు నాన్నా. తెల్ల గింజలు."

"గింజలైతే గింజలని చెప్పాలిగా. మనకు బీన్స్ అంటే ఇవే."

"మనకి ఇవే. ఆ సంగతి ఇటలీ వాళ్ళకి తెలీదుగా." నవ్వు ఆపుకోలేక ఫోను పక్కకు పెట్టినట్టుంది. తర్వాత అడిగింది. "అవునూ, ఉన్నట్టుండి ఈ వంటేంటి? అమ్మని ఏమన్నా చేశావా?"

"నేనేం చెయ్యలేదు."

"అదే నాన్నా. నువ్వెప్పుడూ ఏం చెయ్యవుగా."

అది సరదాకే అంది. నేనే దాన్ని రైతు బజారు సంచితో పాటు ఇల్లంతా మోసుకు తిరిగాను.

ఆ తెల్ల గింజలు మా కిరాణా కొట్లో లేవు. ఎర్ర రాజ్మా ఉంది. కొట్టతను నా అవస్థ విని, "తెల్లగా ఉండాలంటే బొబ్బర్లు తీసుకెళ్ళండి, ఉడికితే అన్నీ ఒకటే," అన్నాడు. అమ్మాయిని అడిగితే, ఏదో ఒకటి కానిచ్చెయ్ నాన్నా, రాత్రి నానబెట్టడం మాత్రం మర్చిపోవద్దంది. పడుకోబోయే ముందు, మా ఆవిడ కంట పడకుండా, గిన్నెలో నానబెట్టి వాషింగ్ మిషను వెనక దాచాను. బీన్స్ మాత్రం దాగలేదు. ఆవిడ ఫ్రిజ్ తలుపు తెరిచి, "ఇన్ని బీన్స్ ఎవరు తరిగారండీ?" అంది. నేనే అన్నాను. నా వంక, బీన్స్ వంక మార్చి మార్చి చూసి, ఇంకేమీ అడగకుండా వేపుడు చేసింది. మళ్ళీ వారం దాకా మా ఇంట్లో ఏదో ఒక రూపంలో బీన్స్ ఉన్నాయి.

ఆదివారం పొద్దున ఆవిడ గుణదల బయల్దేరింది. పూజ అయ్యాక వాళ్ళక్కతో కాసేపు కూర్చుని భోజనం వేళకు వస్తానంది. నాకు తలనొప్పిగా ఉంది, రాలేనన్నాను. పూజ ఎగ్గొట్టడం, అబద్ధమాడడం, ఈ రెండూ నాకు చెప్పుకోవడం బాగా అలవాటైన తప్పులే కాబట్టి పెద్దగా బాధపడలేదు. ఆవిడ ఆటో కనపడకుండా పోగానే సంచీ తీసుకుని మటన్ కొట్టుకు పరిగెత్తాను.

ఆదివారం కదా, జనం బాగా ఉన్నారు. నా వంతు రాగానే అరకిలో కైమా కొట్టమన్నాను.

"కూరకా అండీ, ఉండలకా?"

"సూపుకి."

కత్తి ఆగింది. "సూపుకి కైమా ఏంటండీ. సూపుకైతే ఎముకలు తీసుకోవాలి. కాళ్ళున్నాయి, కాల్చినవి, ఇమ్మంటారా?"

"వద్దు, కైమానే."

"ఇంట్లో ఎవరికైనా ఎముక విరిగిందా అండీ?"

"విరగలేదు."

నా వెనక నిలబడ్డ పెద్దాయన ముందుకు వంగాడు. "బాలింత ఉన్నారా ఏంటండీ?"

"ఎవరూ లేరండీ. అందరూ బాగానే ఉన్నారు. ఊరికే తాగడానికి."

"బాగా ఉన్నవాళ్ళు ఈ ఎండలో సూపు తాగడమేంటండీ," అని ఆయన మిగతా వాళ్ళ వంక చూశాడు. కొట్టతను జాలిపడి, కైమాతో పాటు నాలుగు ఎముక ముక్కలు కూడా సంచిలో వేశాడు. "ఇవి కూడా పడెయ్యండి, నీళ్ళకి రుచొస్తుంది. మీది మీరు చేసుకోండి."

ఇక వంటిల్లు. అంత కాలంగా ఆ ఇంట్లో ఉంటున్నవాణ్ణి, చుట్టంలా ప్రతి డబ్బా మూతా తీసి చూసుకోవాల్సి వచ్చింది. పసుపు అని రాసి ఉన్న డబ్బాలో జీలకర్ర ఉంది. జీలకర్ర డబ్బాలో రబ్బరు బ్యాండ్లున్నాయి. ఉప్పు దొరకడానికి బొబ్బర్లు ఉడికినంతసేపు పట్టింది. ఆ వెతుకులాటలో కుక్కరు ఎన్నిసార్లు కూసిందో లెక్క తప్పాను. మూత తీస్తే సగం గింజలు గింజల్లా, సగం పప్పులా ఉన్నాయి.

కైమాలో పాలలో నానిన బ్రెడ్డు, కోడిగుడ్డు, మిరియాల పొడి వేసి కలపమంది అమ్మాయి. పాలు ఎక్కువయ్యాయి. ఉండ కడితే అరచేతిలోనే కూర్చుండిపోయింది. మా ఆవిడ కైమా ఉండలకు పుట్నాల పొడి కలపడం చూసిన గుర్తు. మళ్ళీ డబ్బాల వేట. పుట్నాలు దొరికాక పొడి చేసి కలిపితే ఉండలు కాస్త మాట విన్నాయి. వాటిని నూనెలో పైపైన వేయించి పక్కన పెట్టి, ఉల్లిపాయ, వెల్లుల్లి, క్యారెట్టు, టమాటాలు మగ్గించాను. సెలరీ అనే ఆకు మా వీధిలో ఎవరికీ తెలియదు. దాని బదులు కొత్తిమీర కాడలు. ఫ్రిజ్ తలుపులో, పిజ్జాలు తెప్పించుకున్నప్పుడల్లా మా ఆవిడ దాచిపెట్టిన చిన్న చిన్న ఒరెగానో పొట్లాలున్నాయి. ఇటలీకి సంబంధించి మా ఇంట్లో ఉన్నవి అవే కదా అని అన్నీ చింపి వేసేశాను. ఎముకలు, నీళ్ళు, బొబ్బర్లు, చివర్లో పాలకూర, గుప్పెడు మాకరోనీ. ఆ గుప్పెడు మాకరోనీ గిన్నెలో నీళ్ళన్నీ తాగేసింది. చూస్తుండగానే గరిటె దానంతట అదే నిలబడింది. ఇంకో చెంబుడు వేడినీళ్ళు పోశాను. ఉండల్లో సగం విడిపోయాయి. మిగతా సగం మాత్రం గుండ్రంగా, నిబ్బరంగా పైకి తేలి ఉన్నాయి. వాటిని చూసి నాకు కాస్త ధైర్యం వచ్చింది.

తలుపు తీస్తే మా ఆవిడ వెనక వదిన కూడా ఉంది.

"తలనొప్పి ఎలా ఉంది మరిదిగారూ?" అంది చెప్పులు విప్పుతూ. "మెట్ల దాకా కైమా వాసనొస్తోంది, మీ తలకేనా రాసుకుంది?"

మా ఆవిడ తిన్నగా వంటింట్లోకి వెళ్ళి, గట్టు మీదున్న గిన్నెలు, డబ్బాలు, చింపిన పొట్లాలు అన్నీ చూసింది. మూత తీసి లోపలికి చూసింది.

"ఏంటండీ ఇది?"

"సూపు. అమ్మాయి చేసిందే. ఇటలీది."

వదిన కూడా తొంగి చూసింది. "ఇటలీలో బొబ్బర్లు పండుతాయా?"

"వాళ్ళవి వేరే గింజలు వదినా."

"ఈ పుట్నాల పొడి?"

"అది మనదే."

"మరి ఇంకేంటి ఇటలీది ఇందులో?"

"పొట్లాలు," అంది మా ఆవిడ.

బల్ల దగ్గర కూర్చోబెట్టి ఇద్దరికీ గిన్నెల్లో పోశాను. వదిన గిన్నెలోకి, నా ముఖంలోకి చూసి, అన్నమేదని అడిగింది. అప్పుడు తెలిసింది, నేను అన్నం వండలేదని. ఆదివారం మధ్యాహ్నం, ఇంటికి చుట్టం వచ్చిన పూట, అన్నం లేని భోజనం పెట్టిన మొనగాణ్ణి కృష్ణా జిల్లాలో ఇంకొకణ్ణి చూపించండి. మా ఆవిడ లేవబోయింది. కూర్చో అన్నాను. బియ్యం డబ్బా ఎక్కడుందో మాత్రం పొద్దున్నే చూసిపెట్టాను.

"ఆ గ్లాసు కాదు మరిదిగారూ, అది కాఫీ గ్లాసు," అని వదిన బల్ల దగ్గర నుంచే చెప్పింది. "దాంతో కొలిస్తే పిల్లికి పెట్టడానికి సరిపోతుంది."

నేను బియ్యం కడుగుతుంటే వెనక చెంచా చప్పుడు వినపడుతోంది. మా ఆవిడ తాగుతోంది. తల తిప్పి చూడడానికి ధైర్యం చాల్లేదు. కుక్కరు పెట్టి వచ్చేసరికి గిన్నె ఖాళీ అయింది.

"బాగుందండీ," అంది. "ఉప్పు తక్కువైంది గాని బాగుంది." మూతి తుడుచుకుని అడిగింది. "ఎందుకు చేశారు?"

"ఊరికే."

"ఊరికే ఎవరూ బొబ్బర్లు నానబెట్టుకోరు. వాషింగ్ మిషను వెనక గిన్నె రాత్రే చూశాను." చెంచా గిన్నెలో అడ్డంగా పెట్టింది. "వెళ్ళమని చేశారా, వెళ్ళొద్దని చేశారా?"

ఆ ప్రశ్న నేను ఊహించలేదు. వెళ్ళమనే చేశాననుకున్నాను. నువ్వు వెళ్ళు, నేను వండి పెడతాను అని ఆ గిన్నె చెబుతుందనుకున్నాను. కానీ ఆవిడ వైపు కూర్చుని చూస్తే, ఇంట్లో ఉంటే ఎంత బాగుంటుందో చూడు, ఎక్కడికి పోతావు అని కూడా అది చెబుతోంది. అంత కష్టపడి, తువ్వాలు తడిసేలా చెమటోడ్చి, నేను మళ్ళీ ఏమీ చెప్పకుండా ఊరుకున్నానన్నమాట. నీ ఇష్టం అన్న ఆ మాటనే ఈసారి కైమాతో చేశాను.

"అది నీ..." అన్నాను. నిజంగానే అన్నాను. అలవాటు అలాంటిది. వదిన నోటి దాకా తెచ్చిన చెంచా కిందికి దించి నా వంకే చూసింది. ఆపాను.

"నాకు నువ్వు వెళ్ళడం ఇష్టం లేదు," అన్నాను.

నా గొంతు నాకే కొత్తగా వినపడింది.

"సాయంత్రం పూట ఈ ఇంట్లో ఒక్కణ్ణి ఉండాలంటే భయంగా ఉంది."

"దొంగల భయమా?" అంది వదిన.

"కాదు వదినా. ఈవిడ వేళకి వస్తుందని నేను గడ్డం గీసుకుంటాను, చొక్కా వేసుకుంటాను. రాకపోతే లుంగీ మీదే టీవీ ముందు పడి ఉంటాను. రిటైరైన దగ్గర్నుంచీ అంతే. ఆ భయంతోనే గురువారం అలా అన్నాను." మా ఆవిడ వైపు తిరిగాను. "ఇది నా గొడవ. దీనికోసం నువ్వు ఆగక్కర్లేదు. నీకు వెళ్ళాలని ఉందా?"

చాలా చిన్న ప్రశ్న అది. పెళ్ళయిన దగ్గర్నుంచి ఆవిడ నన్ను ఏమంటారని అడగడమే గాని, నీకుందా అని నేను అడిగిన గుర్తు లేదు. ఎంత వెతికినా గుర్తు రాలేదు.

"ఉంది," అంది. గిన్నె అంచు మీద వేలు పెట్టి ఒక చుట్టు తిప్పింది. "చాలా ఉంది. ఎవరో పెట్టిన టైం టేబులు ప్రకారం పాఠం చెప్పి రావడమేగా ఇన్నాళ్ళూ. ఒక్క బడన్నా నా పద్ధతిలో నడిపి చూడాలని ఉంది."

"మరి గురువారం చెప్పలేదేం?"

"మీరడిగారా?"

కుక్కరు కూసింది. వదిన లేచి మంట తగ్గించి వచ్చింది.

"నీకు కోపం రాలేదా, నేను ఇష్టం లేదన్నందుకు?" అన్నాను.

"ఎందుకొస్తుందండీ. వద్దని నోటితో అంటే దెబ్బలాడొచ్చు. ఇన్నాళ్ళూ దెబ్బలాడదామన్నా ఏం దొరికేది కాదు మీ దగ్గర."

"అయితే ఇప్పుడు దెబ్బలాడుకోండి," అంది వదిన. "అన్నం నేను చూస్తాలే."

దెబ్బలాడుకున్నాం. బాగానే దెబ్బలాడుకున్నాం. స్కూటీ వచ్చింది, వేళాంగణి వచ్చింది, ఎమ్మెస్సీ వచ్చింది, నేను పూర్తిగా మర్చిపోయిన ఒక ఆకుపచ్చ పట్టుచీర కూడా వచ్చింది. మధ్యమధ్యలో వదిన తేదీలు సరిచేసింది. నేను రోజూ సాయంత్రం వంట చేస్తానని మాటిచ్చాను.

"ఆ నమ్మకంతో నేనేం వెళ్ళట్లేదండీ," అంది మా ఆవిడ. "మీరు వండినా వెళ్తాను, వండకపోయినా వెళ్తాను. అది తెలిసే వండండి."

అన్నం దిగాక వదిన సూపును అన్నంలో కలుపుకుని, పక్కన ఆవకాయ పెట్టుకుని తృప్తిగా తింది. కైమా, బొబ్బర్లు వేసిన పులుసనుకుంటే వంక పెట్టడానికి లేదంది. సాయంత్రం వెళ్ళేటప్పుడు మిగిలింది గిన్నెలో పోయించుకుని పట్టుకెళ్ళింది.

సోమవారం మా ఆవిడ మైలవరం పక్క బడి తీసుకుంది.

ఆవిడ కొత్త బడిలో చేరిన కొద్ది రోజులకు ఒక సాయంత్రం. నేను తోటకూర పప్పు చేసి, గుడ్లు ఉడకబెట్టి ఉంచాను. గడ్డం గీసుకోలేదు గాని చొక్కా వేసుకున్నాను. ఆవిడ వచ్చి, ముఖం కడుక్కుని, కంచం ముందు కూర్చుని, పప్పులో ఉప్పు ఎక్కువైందని చెప్పి తినడం మొదలుపెట్టింది. బడి ఎలా ఉందని అడిగాను. ఊరికే అడగలేదు, తెలుసుకోవాలనే అడిగాను. ఆవిడ ఒకసారి నా వంక చూసి చెప్పడం మొదలుపెట్టింది. బోరు మోటారు కాలిపోయిందట. తొమ్మిదో తరగతిలో ఒక పిల్ల నోటి లెక్కల్లో తననే ఓడించిందట. వంట చేసే ఆవిడకు, ఆయాకు పడదట, ఇద్దరికీ తగువు తీర్చేసరికి మధ్యాహ్నం అయిందట. చెబుతూ చెబుతూ ఎడమ చేత్తో పక్కనున్న సంచిలోంచి ఒక కొత్త తలుపు గడియ తీసి బల్ల మీద పెట్టింది. ఆడపిల్లల బాత్రూము తలుపుకు గడియ లేదట. ఒక పిల్ల లోపలికి వెళ్తే ఇంకో పిల్ల బయట తలుపు పట్టుకుని నిలబడాలట. బిల్లు పెట్టి, సంతకాలయ్యి వచ్చేదాకా ఆగలేక మైలవరంలో దిగి తనే కొనుక్కొచ్చిందట.

"బిగించడానికి ఎవరూ దొరకలేదండీ. రేపు మీరు రాగలరా, స్క్రూడ్రైవరు తీసుకుని?"

"వస్తాను," అన్నాను.

"పొద్దున్నే లేవాలి మరి. మొదటి బస్సుకే."

"లేస్తాను," అని, ఆవిడ కంచంలో ఇంకో గుడ్డు వేశాను.